రెండు సంతకాల చీటీ

ఆ ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు, రెండవ అంతస్తులోని కిటికీలు లేని గదిలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో: బల్లకు తలవైపు డైరెక్టర్, ఆయన కుడిపక్క, ఒకప్పుడు కాలేజీలో గణితం చెప్పినందువల్ల అందరూ లెక్కల మేడమ్ అని పిలిచే సాంకేతిక విభాగాధిపతి, ఎడమపక్క మినిట్స్ రాసే గుమాస్తా, అందరికంటే చివర, తలుపును ఆనుకొని వేసిన కుర్చీలో, ఏజెంట్ నిదానం. ఐదవ కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చోవలసిన సాక్షుల రక్షణాధికారిని ముందురోజు ఉదయం ఎనిమిదింటికి, ఆయన సొంత ఇంటి లిఫ్టులో, మూడు గుళ్లతో కాల్చి చంపారు.

నిదానం అసలు పేరు ఫైలులో ఉంది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్కసారి కూడా పరుగెత్తినట్లు దాఖలా లేనందువల్ల ఆ ముద్దుపేరు స్థిరపడిపోయింది.

"ఆయన దగ్గర సీలు వేసిన కవరు ఒకటుండేది," అన్నాడు డైరెక్టర్. "అది పోయింది."

ఎవరి కవరని నిదానం అడగలేదు. తన మొహంలోకి చూడకుండా ఉండటానికి ముగ్గురూ పడుతున్న అవస్థే అతనికి సమాధానం.

"మా అన్నయ్యదా, సార్?"

"మీ అన్నయ్యదే."

పదకొండేళ్ల క్రితం నిదానం అన్నగారు రేవులో సరుకు గుమాస్తా. ఒక విదేశీ ముఠా ఏయే పెట్టెల్లో ఏమేమి దించుకుంటున్నదో కోర్టులో నిలబడి, చేతిలో కాగితం లేకుండా, తేదీలతో సహా చెప్పాడు. తొమ్మిదిమంది జైలుకు వెళ్లారు. ఆయన కొత్త పేరుతో కొత్త ఊరికి వెళ్లాడు. ఆ ఊరేదో రక్షణాధికారికి తప్ప తమ్ముడికీ తెలియదు, డైరెక్టర్‌కూ తెలియదు. నెలకొకసారి అన్నగారే ఫోన్ చేయాలి. మళ్లీ ఫోన్ రావడానికి ఇంకా ఎనిమిది రోజులుంది. అంతవరకూ ఆయనను హెచ్చరించే దారి లేదు.

"కవరు ముఠా చేతికి చిక్కింది. అందులోని అడ్రసు ఇక వాళ్ల కిరాయి హంతకుడికి అందాలి. ఎలా అందిస్తారో మేడమ్ చెబుతారు."

లెక్కల మేడమ్ కళ్లజోడు సవరించుకుంది. "మనియార్డరు ఫారం గుర్తుందా? అడుగున నాలుగు ముక్కలు రాసుకునే జాగా ఉండేది. క్షేమం, డబ్బు అందగానే జాబు రాయి, అని. క్రిప్టో ట్రాన్సాక్షన్‌కీ అలాంటి జాగా ఉంది. ఎనభై ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. వీళ్లకి డబ్బు నెపం, చీటీ అసలు."

"ఎవరైనా చదవచ్చా?"

"లోకమంతా చూడొచ్చు. కానీ కోడ్‌లో రాస్తారు, ఎవడికి రాశారో వాడికే అర్థమవుతుంది. రాసినవాడికీ చదివేవాడికీ ముఖపరిచయం అక్కర్లేదు. ఆ హంతకుడెవరో ముఠా ఛైర్మన్‌కే తెలీదు. ఫోన్ లేదు, మనిషి లేడు. చీటీ ఒక్కటే."

"చెరిపెయ్యలేమా, మేడమ్?"

"బ్లాక్‌చెయిన్ అంటే ఒకే పుస్తకానికి వేల కంప్యూటర్లలో వేల ప్రతులు. ఇంచుమించు పది నిమిషాలకొక కొత్త పేజీ చేరుతుంది. దాన్నే బ్లాక్ అంటాం. పేజీకెక్కిన అక్షరాన్ని దేవుడొచ్చినా చెరపలేడు. ఎక్కేదాకా మాత్రం వరండాలో నిలబడి ఉంటుంది. ఛైర్మన్ మనసు మార్చుకోవచ్చు కనక, పేజీకెక్కని చీటీని లెక్కచెయ్యొద్దని హంతకుడికి రూలు."

ఆమె మరో సంగతి చెప్పింది. ముఠాలో ఎవరినీ ఎవరూ నమ్మరు. అందుకని చీటీ పంపే ఖాతాకు మూడు తాళాలు పెట్టుకున్నారు. ముగ్గురిలో ఏ ఇద్దరు సంతకం చేసినా చీటీ కదులుతుంది, ఒక్కరి వల్ల కాదు. మొదటి తాళం ఛైర్మన్‌ది. రెండవది చీటీలు రాసే టెక్నీషియన్‌ది. అతణ్ని రైటర్ అంటారు. మూడవది నెమలిది.

నెమలి అనగానే గుమాస్తా కలం ఒక క్షణం ఆగింది. ఆమె మూడేళ్లుగా ముఠాలో చేరి ఛైర్మన్ పక్కన పట్టుదుస్తుల్లో మెరుస్తూ, విభాగానికి కబుర్లు చేరవేస్తున్న మనిషి. అయితే రెండు నెలలుగా ఆ కబుర్లు పలచబడ్డాయి. రక్షణాధికారి ఏ వేళకు లిఫ్టు ఎక్కుతాడో ముఠాకు ఎవరో చెప్పారు.

"ఆవిడింకా మన మనిషేనా, సార్?"

"తెలియదు," అన్నాడు డైరెక్టర్. "ఆవిడ చివరి కబురు ఒకటుంది. రైటర్ పనిచేసే ముఠా కంప్యూటర్ల యార్డులో ఫ్యాన్లు పాడయ్యాయి. ఇవాళ పదింటికి నాలుగురోడ్ల దగ్గర మెకానిక్‌ను ఎక్కించుకుంటారు. యార్డు ఎక్కడుందో ఆవిడకీ తెలియదు, మూసిన వ్యాన్‌లోనే తీసుకెళతారు. రైటర్ రాసిన రెండువందల పన్నెండు చీటీలూ మిట్టమధ్యాహ్నం పన్నెండుకే వెళ్లాయి. ఆ మెకానిక్‌గా మీరు వెళ్లి పన్నెండులోపు అతని దగ్గరుండాలి. కోడ్ ఇదీ: బేరింగ్ మార్చాలా అని మీరు అడుగుతారు. గ్రీజు చాలు అని ఆవిడ అనాలి."

సాంకేతిక విభాగం రాత్రంతా శ్రమించి అతని కోసం పదకొండు పరికరాలు సిద్ధం చేసింది: సిగ్నళ్లను స్తంభింపజేసే గ్రీజు డబ్బా, చోటు తెలిపే బొత్తాము, కెమెరా ఉన్న స్క్రూడ్రైవర్, ఇంకా ఎనిమిది. పదింటికి వ్యాన్ ఎక్కేముందు కాపలావాడు వాటన్నిటినీ, చెప్పులతో సహా, ఒక గోనెసంచిలో పడేసి, యార్డు తాలూకు నీలం బట్టలూ యార్డు తాలూకు పనిముట్లూ ఇచ్చాడు. అక్కడ పద్ధతి అది. పదకొండు పరికరాల సేవ ఆ విధంగా నాలుగు నిమిషాల్లో ముగిసింది. వెంట వచ్చిన విభాగం కారు రెండో కూడలిలోనే వ్యాన్‌ను పోగొట్టుకుంది.

వ్యాన్ తిరిగిన చోటనే తిరిగి తిరిగి, పన్నెండు దాటి నాలుగు నిమిషాలకు ఆగింది. కంకర పరిచిన ఆవరణలో ఇనుప కంటెయినర్లు వరుసలు తీరి ఉన్నాయి. ప్రతి దాని లోపలా లెక్కలు నమిలి నాణేలు సంపాదించే యంత్రాలు ఒకటే హోరు. ఎత్తు మడమల జోళ్లతో ఆ కంకర మీద, నున్నటి గచ్చు మీద నడిచినట్లు నడుస్తూ నెమలి వచ్చింది. ఆమె పక్కనే కాపలావాడు.

"బేరింగ్ మార్చాలా, మేడమ్?"

"ఎక్కువ మాట్లాడకుండా పని చూసుకో," అన్నది నెమలి.

ఆమె నోట గ్రీజు మాట రాలేదు. ఆమె పదిహేడవ నంబరు కంటెయినర్ తలుపు తెరిచి, అతణ్ని లోపలికి పొమ్మని కళ్లతోనే చెప్పి, వెనకనుంచి తలుపు మూసింది. తాళం పడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే మరో చిన్న చప్పుడు, ఎండుపుల్ల విరిచినట్లు.

లోపల రెండు వైపులా కప్పుదాకా యంత్రాలు. మధ్య నడవా ఒక మనిషి భుజాల వెడల్పు. చివర చిన్న బల్ల, దాని మీద తెర, పైన కెమెరా, బయటి మాట లోపలికి వినిపించడమే తప్ప లోపలి మాట బయటికి మోయని పెట్టె. బల్ల ముందు మెడలో తువ్వాలు వేసుకున్న నడివయసు మనిషి. కళ్లజోడు జారిపోకుండా దారంతో కట్టుకున్నాడు.

"ఆ మూడో ఫ్యాను ముందు చూడండి సార్. నిన్నట్నుంచి పిల్లిలా మూలుగుతోంది."

"పన్నెండింటి చీటీ వెళ్లిపోయిందా, రైటర్ గారూ?"

రైటర్ చేయి తువ్వాలు మీదే ఆగిపోయింది. "ఫ్యాన్ల మనిషికి చీటీల సంగతెందుకు?"

నిదానం కెమెరాకు వీపు పెట్టి, స్క్రూడ్రైవర్‌తో ఫ్యాను మూత విప్పుతున్నట్లు నటిస్తూ చెప్పాడు. "ఇవాళ మీరు రాసింది మా అన్నయ్య అడ్రసు."

రైటర్ తువ్వాలు కొసను వేలికి చుట్టుకున్నాడు.

"నాకివ్వగానే రాస్తాను," అన్నాడు. "ఎవరిదని అడగను. నాలుగేళ్లయింది ఇందులోకి వచ్చి. బయట గెస్ట్‌హౌస్‌లో మా ఆవిడ, మా అమ్మాయి వాళ్ల దగ్గరున్నారు. నెలకొకసారి చూపిస్తారు. అడగడానికి నాకు నోరెక్కడిది?"

"పేజీకెక్కిందా?"

"ఇంకా వరండాలోనే ఉంది." అతను తెరమీద ఒక గీతను వేలితో చూపించాడు. "ఫీజు తక్కువ పెట్టారు. ఛైర్మన్ గారికి చెయ్యి కాస్త బిగువు. పేజీ రాసే కంప్యూటర్లు ఫీజు ఎక్కువిచ్చిన వాటినే ముందు పిలుస్తాయి. ఇవాళ రద్దీగా కూడా ఉంది."

ఇద్దరూ చూస్తుండగానే తెర ఒకసారి మిణుకుమంది. పన్నెండూ తొమ్మిదికి కొత్త పేజీ చేరింది. చీటీ అందులో లేదు.

"ఒకటి తప్పింది," అన్నాడు రైటర్. "వచ్చేదాంట్లో ఎక్కుతుంది. అది రెండు నిమిషాలకే రావచ్చు, అరగంటకీ రావచ్చు. బస్సు లాంటిది సార్, సగటు పది నిమిషాలంటారు గానీ నిలబడ్డవాడికి సగటుతో ఏం పని?"

"వెనక్కి పిలిచే దారి లేదా?"

"పిలవడం ఉండదు. దాన్ని తోసెయ్యొచ్చు. అదే నాణేన్ని వాడుతూ, ఎక్కువ ఫీజుతో ఇంకో చీటీ పంపితే, బరువైందే పేజీకెక్కుతుంది. పాతది చెల్లదు." అతను తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "కానీ రెండు సంతకాలు కావాలి. నాది ఒకటే ఉంది."

పెట్టె గరగరలాడింది. "రైటర్, ఎవరయ్యా ఆ మెకానిక్? వచ్చి పది నిమిషాలైంది, ఒక్క ఫ్యానూ విప్పలేదు, కబుర్లు మాత్రం బాగా చెబుతున్నాడు." ఛైర్మన్ గొంతు మర్యాదగా, నిద్ర లేచినవాడి గొంతులా ఉంది. వెనక కాపలావాడి మాట వినిపించింది: తాళం తెరవబోతే లోపల చెవి విరిగి ఉందట. నెమలి విసుగ్గా, పాత తాళమని చెప్పాను కదా అన్నది.

"సరే," అన్నాడు ఛైర్మన్. "కట్టర్ తెప్పించండి. ఈలోగా ఫ్యాన్లు ఆపేద్దాం. బాబూ మెకానిక్, ఇప్పుడు విప్పడం తేలిక."

ఫ్యాన్లు ఒకదాని తరువాత ఒకటి నిలిచిపోయాయి. యంత్రాల వేడి పోయే దారిలేక వెనక్కి తిరిగి మనుషుల మీద పడింది. గోడమీది థర్మామీటరు నలభై ఒకటి చూపుతున్నది; నిదానం మళ్లీ చూసేసరికి నలభై ఏడు. ఛైర్మన్ తెరకు వెళ్లే తీగను మాత్రం కోయించలేదు. రైటర్ పెళ్లాం పిల్లా తన దగ్గరున్నారు, మూడవ తాళం తనకు మూరెడు దూరంలో నెమలి చేతిలో ఉంది, ఆయనకు కంగారెందుకు?

నిదానం మనసు మాత్రం ఎండుపుల్ల విరిగిన చప్పుడు దగ్గరే ఆగిపోయింది. చెవి విరిచినది ఎవరు? తనను బయటికి పోనివ్వకుండానా? బయటివాళ్లను లోపలికి రానివ్వకుండానా?

"రైటర్ గారూ, మీరు సంతకం చేస్తే సగం చీటీ ఎక్కడికి వెళుతుంది?"

"మిగతా ఇద్దరి ఫోన్లకీ ఒకేసారి. వాళ్లలో ఒకరు ఒప్పుకుంటే పోతుంది." అతను నవ్వినట్లు పెదవి కదిపాడు. "ఛైర్మన్ గారు ఒప్పుకోరు. నెమలమ్మ గారా? మనల్ని లోపలేసి తాళం పెట్టిందే ఆవిడ."

"ఆవిడ ఒప్పుకోవచ్చు."

"మీ మనిషా?"

మా మనిషే అనడం చాలా తేలిక. ఇరవై రెండేళ్లుగా నిదానం అంతకంటే పెద్ద అబద్ధాలు అవలీలగా చెప్పాడు. కానీ ఎదురుగా ఉన్నవాడు పణంగా పెట్టవలసింది భార్యనూ కూతురినీ. సంతకం పడిన క్షణంలో ఛైర్మన్ ఫోన్ మోగుతుంది.

"నాకు తెలియదు," అన్నాడు. "ఒకప్పుడు మా మనిషి. ఇప్పుడు అవునో కాదో ఇవాళ పొద్దున మా డైరెక్టర్‌కి కూడా తెలియదు. ఆవిడ ఒప్పుకోకపోతే మా అన్నయ్య పోతాడు, మీ వాళ్లకి ముప్పు. మీరు సంతకం చెయ్యకపోతే మా అన్నయ్య ఒక్కడే పోతాడు. ఉన్నమాట ఇది."

యంత్రాలు వేడి తాళలేక తమంతట తామే ఆరిపోవడం మొదలుపెట్టాయి. హోరు తగ్గేకొద్దీ గది చిన్నదవుతున్నట్లు అనిపించింది.

"నాలుగేళ్లలో ఈ యార్డులో నాతో 'తెలియదు' అన్నవాడు మీరొక్కరే," అన్నాడు రైటర్. "అందరికీ అన్నీ తెలుసు." అతను కళ్లజోడు తీసి అద్దాలమీది చెమట తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "మా నాన్నగారు దస్తావేజులు రాసేవారు. ఆయన రాసినవన్నీ చెదలు తినేశాయి. నేను రాసింది మాత్రం ఎప్పటికీ పోదన్నారు వీళ్లు, ఉద్యోగంలో చేరేటప్పుడు. సంతోషపడ్డాను సార్. పేజీకెక్కినవి రెండొందల పన్నెండు, ఒక్క కొట్టివేత లేదు. తీరా చూస్తే నేను రాసినవన్నీ మనుషుల చావులు. మా మనవల మనవలు వచ్చినా అవి అక్కడే ఉంటాయి."

అతను బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు. వేళ్లు చకచకా నడిచాయి. ఫీజు గడిలో, ఛైర్మన్ చూస్తే మూర్ఛపోయేటంత అంకె వేశాడు.

"ఎనభై అక్షరాల జాగా ఖాళీగా ఉంది. ఏమన్నా రాయమంటారా?"

ఫ్యాన్ల మనిషి వేషం వేసినందుకు ఆ రోజు నిదానానికి దక్కిన ఫలం ఒక్కటే: లోపలికి వచ్చినవాడు మొదట కరెంటు పెట్టె చూశాడు. మీటరు కింద రేకు మీద తెల్ల అక్షరాలతో సర్వీసు నంబరు ఉంది. ఏ యార్డుకు కరెంటు వస్తున్నదో కరెంటు ఆఫీసు లెడ్జర్ చెబుతుంది. ఈ ఖాతా నుంచి వెలువడే ప్రతి చీటీనీ, పేజీకెక్కకముందే, లెక్కల మేడమ్ కళ్లప్పగించి చూస్తూ ఉంటుంది.

"ఈ నంబరు రాయండి. పదిహేడో కంటెయినర్ అని రాయండి. కోడ్ వద్దు, అందరికీ అర్థమయ్యేలాగే రాయండి."

రైటర్ రాశాడు. రాసినదాన్ని అంకె అంకెగా రేకుతో రెండుసార్లు సరిచూసుకున్నాడు. ఆ తొందరలోనూ అతని పద్ధతి అతనిదే. తరువాత తన తాళం మాట, పన్నెండు పదాలు, కొట్టాడు. చివరి మీట మీద వేలు ఉంచి, "మా అమ్మాయికి పదమూడు," అన్నాడు. నొక్కాడు.

తెరమీద 'ఒక సంతకం అందింది, రెండవ దానికై వేచి ఉన్నది' అన్న వాక్యం కనిపించింది. పెట్టెలోనుంచి ఛైర్మన్ గొంతు, ఈసారి నిద్ర వదిలి, "తీగ కోసెయ్యండి," అన్నది. తెర నల్లబడింది. దానితోపాటే దీపమూ ఆరింది.

ఆ చీకట్లో ఇద్దరూ ఇనుప నేలమీద కూర్చున్నారు. నెమలి సంతకం చేసిందో లేదో తెలియదు. పేజీ వచ్చిందో లేదో తెలియదు. వస్తే అందులో ఏ చీటీ ఎక్కిందో తెలియదు. ఉన్నవి రెండు శ్వాసలు, వేడి, బయట కట్టర్ రాపిడి. తాళం ఉన్న ఇనుపగూడు మందమైనది; చక్రం విరిగిన చప్పుడు, తిట్లు, మళ్లీ కొత్త చక్రం.

"సార్."

"చెప్పండి."

"మీ అన్నయ్యగారి అడ్రసు నాకు నోటికొచ్చు. పొద్దున్నే రాశాను కదా. ఇక్కణ్నించి మనం బయటపడతామో లేదో. చెప్పమంటారా?"

పదకొండేళ్లు. అన్నయ్య జుట్టు నెరిసిందా? అదే కోపమా? టీ సాసర్‌లో పోసుకొని తాగే అలవాటు పోయిందా? ఒక్క వాక్యం దూరంలో ఉంది అదంతా. నిదానం గొంతులోకి 'చెప్పండి' అన్న మాట వచ్చి పళ్ల దగ్గర ఆగింది.

"వద్దు."

"వినండి సార్, ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. తెలిస్తే ఏదో ఒకరోజు వెళతాను. వెళితే ఎవడో ఒకడు నా వెనకాల వస్తాడు. బయటపడితే మా డైరెక్టర్ చెవిలో ఒక్కసారి చెప్పి, మరిచిపోండి."

"మరిచిపోవడమే నాకు రానిది," అన్నాడు రైటర్.

థర్మామీటరు కనిపించకపోవడం మంచిదే అయింది. నిదానం గోడకు చెంప ఆనించబోయి, కాలి, వెనక్కి తీసుకున్నాడు. రైటర్ తువ్వాలును రెండుగా చింపి ఒక ముక్క అతని చేతిలో పెట్టాడు. కట్టర్ చప్పుడు మారింది, లోహం పలచబడిన చప్పుడు. తలుపు అంచున నిప్పురవ్వలు లోపలికి రాలాయి. నిదానం స్క్రూడ్రైవర్ పట్టుకొని లేచి, రైటర్‌కు ముందుగా నిలబడ్డాడు. అంతలో కట్టర్ ఆగిపోయింది. కంకర మీద చాలా అడుగులు పరుగెత్తాయి. ఒక తుపాకీ పేలింది. తరువాత నిశ్శబ్దం. మళ్లీ కట్టర్ మొదలైంది.

ఎవరి చేతిలో ఉందో తెలియని ఆ కట్టర్‌ను వింటూ గడిపిన మూడు నిమిషాలు తన సర్వీసంతటిలో అతి పొడవైనవని నిదానం తరువాత రిపోర్టులో రాశాడు. డైరెక్టర్ ఆ వాక్యాన్ని అనవసరమని కొట్టివేశాడు.

తలుపు ఊడిపడింది. వెలుగులో మొదట కనిపించినవి ఎత్తు మడమలు. ఒక మడమ లేదు.

"గ్రీజు చాలు," అన్నది నెమలి. "అప్పుడు అనలేకపోయాను. వాడు నా భుజం మీదే ఉన్నాడు."

ఆమె వెనుక విభాగం మనుషులు ఛైర్మన్‌ను నడిపించుకుపోతున్నారు. ఆయన మర్యాద చెదరలేదు, కేవలం ఆశ్చర్యంలో ఉన్నాడు. "ఒకరు మోసం చేస్తారనే ముగ్గుర్ని పెట్టాను," అని ఎవరికో నచ్చజెబుతున్నాడు. "ఇద్దరు ఒకర్నొకరు నమ్ముతారని ఎలా అనుకుంటాం, చెప్పండి?"

నెమలి రైటర్ వైపు తిరిగింది. "మీ ఆవిడనీ అమ్మాయినీ పొద్దున ఆరింటి రైలెక్కించాను. చెబుదామంటే ఎలా చెప్పను? మీరు నన్ను చూస్తేనే మొహం తిప్పుకునేవారు. మీ సంతకం కోసం రెండు నెలలు చూశాను. అది రాగానే ఛైర్మన్ తీగ కోయమని అరవడానికి అటు తిరిగారు. ఆ తిరిగినంతసేపు సరిపోయింది నాకు."

రైటర్ కంకర మీద కూలబడి, తువ్వాలు ముక్కలో మొహం దాచుకున్నాడు.

లెక్కల మేడమ్ గడియారం ప్రకారం, రెండవ చీటీ వరండాలోకి రావడానికీ కొత్త పేజీ చేరడానికీ మధ్య తేడా ముప్పై ఒక్క సెకను. మొదటి చీటీ పేజీకెక్కలేదు. రెండు సంతకాలు తన చేతికి దొరకని ఛైర్మన్ ఇక మరొకటి రాయలేడు. డైరెక్టర్ రైటర్‌తో అయిదు నిమిషాలు ఏకాంతంగా మాట్లాడాడు. ఆ సాయంత్రానికి ఒక సరుకు గుమాస్తా మరో పేరుతో మరో ఊరికి బయలుదేరాడు. ఏ ఊరని నిదానం అడగలేదు. లిఫ్టు వేళ బయటపెట్టినది రక్షణాధికారి ఇంటి కింది అంతస్తు కాపలాదారని తేలింది.

మరుసటి ఉదయం అదే గదిలో, సభ్యులందరూ లేచి నిలబడగా, మినిట్స్‌లో ఈ కింది తీర్మానం నమోదైంది:

'రైటర్ అను వ్యక్తి, తన కుటుంబము శత్రువుల అధీనమున ఉన్నదని నమ్ముచుండియు, సహకరించువారు ఉన్నారో లేదో తెలియకుండియు, మొదటి సంతకము తానే చేసి ఒక సాక్షి ప్రాణమును కాపాడెను. ఈ విభాగము అతని కార్యమును కృతజ్ఞతాపూర్వకముగా గుర్తించుచున్నది. ఈ పత్రము అతి రహస్యము. నిబంధనల ప్రకారము అయిదేండ్ల అనంతరము దహనము చేయబడును. ఇదే విషయమై అతడు స్వయముగా రాసి పేజీకెక్కించిన రెండువందల పదమూడవ చీటీని దహనము చేయు మార్గము ఈ విభాగమునకు తెలియదు.'